నిగ్రహం నేర్పిన నారికురుపు

ఏదో తేడాగా ఉందని తెలిసిన రోజు నేను నారాయణఖేడ్ హైస్కూల్లో పదో తరగతికి ఇంద్రియనిగ్రహం గురించి పాఠం చెబుతున్నాను. బాధకు చలించనివాడే ధీరుడని బోర్డు మీద రాసి, ఇటు తిరిగి, కుడికాలిని ఎడమకాలితో గోక్కున్నాను. పిల్లలు మర్యాదస్తులు, చూడనట్టే ఉన్నారు.

చెప్పు కరిచిందనుకున్నాను. రెండు మూడు రోజులకు చీలమండ పైన బొబ్బ లేచింది, నిప్పు పెట్టినట్టు మంట. ఇంట్లో నా భార్య శారద బేసిన్‌లో నీళ్లు పోసి కాలు పెట్టమంది. ప్రాణానికి హాయిగా ఉంది. ఆ హాయిలోనే బొబ్బ పగిలి, తెల్లటి కొస ఒకటి బయటికొచ్చింది.

"గిదేంది, దారమా?" అంది శారద.

అది కదిలింది.

దవాఖానలో డాక్టర్ ఒక్క చూపుతో తేల్చేశాడు. "గినియా వార్మ్, సార్. మీరు నారికురుపు అంటరు. పోయిన ఎండకాలం తాగిన నీళ్లల్ల వచ్చింది, యాడాది సంది లోపల పెరుగుతుంది. నీళ్లు బట్టల వడగట్టి తాగరా?"

ఏడాదిపాటు ఒక ప్రాణిని పోషించి ఎవరికీ చెప్పుకోలేదు, అంత నిరాడంబరుణ్ణి. ఇక వడగట్టడం గురించి. అడుగు చూసి వేయాలి, నీళ్లు బట్టలో వడగట్టి తాగాలి అని మన ప్రాచీనులు చెప్పిన మాట నాకు కంఠతా వచ్చు. ఏటా క్లాసులో అర్థం కూడా చెబుతాను: నీళ్లంటే ఆలోచనలు, బట్ట అంటే వివేకం. వాళ్లు నీళ్ల గురించే చెప్పి ఉంటారని ఎంఏ చదివినా తట్టలేదు.

ఆపరేషన్ లేదు. బ్లడ్ టెస్ట్, టెటనస్ ఇంజెక్షన్, గోళీలు. పురుగు కొసను చిన్న పుల్లకు చుట్టి, రోజూ వచ్చినంత మాత్రమే తిప్పాలి.

"గుంజొద్దు. ఓపిక పట్టాలె," అన్నాడు డాక్టర్.

ఓపిక నా సబ్జెక్టే అన్నాను.

వారం తిరక్కుండా గుంజాను. తెగింది. ముక్క లోపల ఉండిపోయి ఇన్ఫెక్షన్ అయింది. కాలు మోకాలిదాకా ఉబ్బింది, చలిజ్వరం పట్టుకుంది. పెనిసిలిన్ ఇంజెక్షన్లు, డ్రెస్సింగులు. డాక్టర్ కట్టు విప్పి చూసి, "మీకన్న పురుగుకే ఓపిక ఎక్కువున్నది సార్," అన్నాడు.

జ్వరం తగ్గేసరికి ఎడమకాలికి రెండో బొబ్బ లేచింది. ఈసారి డాక్టర్ నవ్వలేదు. "ఈ కాలు బాయిల పెట్టిన్రంటే పురుగు నీళ్లల్ల పిల్లలను ఇడుస్తది. వచ్చే ఎండకాలం మీ ఊరంతా నా దగ్గరికి వస్తది."

కంగ్టి దిక్కున్న మా ఊరికి అప్పుడు ఉన్నది ఒక్కటే దిగుడుబావి. మెట్లు దిగి, మోకాలిలోతు నీళ్లలో నిలబడి బిందెలు ముంచుకునేవాళ్లం. శారద తాగేదీ ఆ నీళ్లే.

ఒక మధ్యాహ్నం మంట ఓర్చుకోలేక అక్కడికే వెళ్లాను. నిగ్రహమంటే అడవిలో జింకతోలు మీద చేసేదనుకునేవాణ్ణి. నాది బావి మెట్ల మీద జరిగింది, నీళ్లకు మూడు మెట్ల పైన. పక్కింటి శరణప్ప, కందులు పండించే రైతు, బిందె ముంచుకుని పైకి వస్తూ ఆగాడు.

"గీడ కూసున్నవేంది సార్? దిగి కాలు పెట్టు జర, సల్లగైతది."

"డాక్టర్ పెట్టొద్దన్నడు."

"డాక్టర్ ఈడున్నడా? ఎవ్వరు చూస్తుండ్రు?"

"నువ్వు చూస్తున్నవ్ గద."

"నేనెవ్వరికి చెప్ప."

"శరణప్పా, పెడితే పురుగు నీళ్లల్లకు పోతది. గీ బిందె మీ ఇంట్ల ఎవరు తాగుతరు?"

అతను బిందె వైపు చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని పైకి లేపాడు. "నడువు ఇగ," అని బావికి దూరంగా ఎండిన నేల మీద కూర్చోబెట్టి, ఆ బిందెడు నీళ్లూ మెల్లగా నా కాలి మీద పోశాడు. ఖాళీ బిందెతో మళ్లీ మెట్లు దిగాడు.

రెండో పురుగును గుంజలేదు. నెల దాటింది. పూర్తిగా వచ్చాక శారద చూసి, "మీ పాఠం లెక్కనే పొడుగున్నది, ఎంతకు ఒడువలేదు," అంది.

తర్వాతి ఎండాకాలం శరణప్ప బావి పైమెట్టు మీద నిలబడి వచ్చినవాళ్లందరినీ "కాలు చూపెట్టు" అనేవాడు. బొబ్బ ఉన్నవాళ్లు పైనే ఆగితే, మిగతావాళ్లు ముంచి ఇచ్చేవాళ్లు. నన్నూ వదల్లేదు. "సారైతే ఏంది, కాలు కాలే," అన్నాడు. ఆ పైయేడు మా బావి నీళ్లు తాగినవాళ్లలో ఒక్కరికీ నారికురుపు రాలేదు.

ఇప్పుడు కుడి చీలమండ కొంచెం బిగుసుకుంటుంది, సైకిల్ తొక్కడానికి అడ్డం రాదు. జీవితంలో చాలా పనులు చేశాను. ఆ మధ్యాహ్నం చెయ్యని పనిని తలుచుకున్నప్పుడే గర్వంగా ఉంటుంది.

చదివేవాళ్లకు ఒక్క మాట. బొబ్బ ఎంత మండినా కాలు బావిలోనో కుంటలోనో పెట్టకండి. దూరంగా పొడి నేల మీద కూర్చుని, బిందెడు నీళ్లు పొయ్యమని ఎవరినైనా అడగండి. పోస్తారు.