తెలిసిన తేదీ

మొన్న ఎమ్మిగనూరు బస్టాండు పక్కన ఒక చిన్న గుడి ముందు ఎవరో ఆవిడ టపటపా చెంపలు వేసుకుంటోంది. ఏం తప్పు చేసిందో ఏమో, కళ్ళు గట్టిగా మూసుకుని, నొప్పి పుట్టేటట్టే వేసుకుంటోంది. బస్సు దిగి సంచి సర్దుకుంటున్న నేను ఆ చప్పుడికి అక్కడే నిలబడిపోయాను. ఆటో అతను "యాడికక్కా?" అని రెండుసార్లు అడిగితే గానీ ఈ లోకంలోకి రాలేదు. ఇరవై ఏళ్ళ కిందట ఆదోనిలో, మా తొమ్మిదో తరగతి గదిలో విన్న చప్పుడది. ఆ రోజు చెంపలు వేసుకున్నది మా సైన్సు టీచరు నాగరత్నమ్మ. నలభై మంది ఆడపిల్లల ముందు, పట్టపగలు, మొదటి పీరియడులో. నేను వెళ్తున్నది ఆమె ఇంటికే.

ఎందుకు వెళ్తున్నానో కూడా చెప్పేస్తాను, దాచిపెట్టి లాభం లేదు. నక్షత్రాలు, దగ్గరి గెలాక్సీలు ఎంత దూరంలో ఉన్నాయో కొలిచే ఉద్యోగం నాది. ఈ మాట చెప్తే మా చుట్టాలు చేయి చాపి జాతకం చూడమంటారు, అది వేరే సంగతి. మూడేళ్ళ కిందట ఒక చిన్న గెలాక్సీ దూరం కొలిచి అచ్చువేయించాను. మంచి పేరొచ్చింది. ఆ పేరు మీదే వచ్చే నెల నా ఉద్యోగం పర్మనెంటు చేసే ఇంటర్వ్యూ ఉంది. నాలుగు నెలల కిందట పాత లెక్కలు తిరగేస్తుంటే ఒక తప్పు కనపడింది. మనకూ ఆ నక్షత్రాలకూ మధ్య ధూళి ఉంటుంది. అది కొంత వెలుతురు తినేస్తుంది. తిన్నదంతా లెక్కగట్టి తిరిగి కలపాలి. నేను దాన్ని రెండుసార్లు కలిపాను. అంటే ఆ గెలాక్సీ నేను చెప్పినదానికంటే ఎంతో దూరంలో ఉంది. ఈ సంగతి ఇంకెవరూ కనిపెట్టలేదు. చెప్తే ఉద్యోగం పోవచ్చు, చెప్పకపోతే ఇప్పట్లో ఎవరికీ తెలియదు. నాలుగు నెలలుగా నోరు మూసుకుని తిరుగుతున్నాను. ఏం చేయాలో అడుగుదామని టీచరు దగ్గరికి బయలుదేరాను. "పోనీలే మే" అంటుందేమోనన్న పాడు ఆశ కూడా లోపల లేకపోలేదు.

నాగరత్నమ్మ టీచరుది కౌతాళం. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు, కోపమొస్తే రెండూ. పెళ్ళి చేసుకోలేదు. గంజి పెట్టిన నూలుచీర, చేతికి మగవాళ్ళ గడియారం. శనివారం చివరి పీరియడులో సిలబస్ పక్కనపెట్టి ఆకాశం పాఠం చెప్పేది. అట్ట ఊడిపోయిన పాత ఇంగ్లీషు పుస్తకమొకటి ఉండేది ఆమె దగ్గర, దాన్ని ఎవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు. "మీ ఇంట్ల జీరో బల్బు ఉంటాది, మిల్లు గేటు కాడ పెద్ద లైటు ఉంటాది. ఆ పెద్ద లైటునే బాగా దూరం నుంచి చూస్తే జీరో బల్బు లెక్కనే కనపడుతుంది. అది ఎన్ని వాట్లదో తెలిస్తేనే ఎంత దూరంలో ఉందో చెప్పగలం. తెలిసిందా మే?" అనేది. కొన్ని నక్షత్రాలు పెరుగుతూ తగ్గుతూ వెలుగుతాయని, ఎన్ని రోజులకొకసారి అట్లా అవుతుందో చూస్తే అది ఎన్ని వాట్ల బల్బో పట్టేయవచ్చని చెప్పేది. అట్లా కొలిచిందే ఆండ్రోమెడా. మన పక్కింటి పెద్ద గెలాక్సీ. "ఎంత దూరం?" అని ఆమె అడిగేది. "తొమ్మిది లక్షల కాంతి సంవత్సరాలు!" అని నలభై గొంతులు ఒక్కసారి అరిచేవి. వెలుతురు తొమ్మిది లక్షల ఏళ్ళు పరుగెత్తితే మన కంట్లో పడుతుందన్నమాట. నాకు ఆ అంకె అంటే మా ఇంటిపేరంత గర్వంగా ఉండేది.

మా నాయన పత్తి మిల్లులో పనిచేసేవాడు. ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ ఉగ్గాని, బజ్జీలు కట్టించుకొచ్చాడు. బజ్జీలు తినేసి పేపరు చింపబోతుంటే నూనె మరక కింద ఆండ్రోమెడా అన్న మాట కనపడింది. ఇరవై అయిదు లక్షల కాంతి సంవత్సరాలట! నాకు ఒళ్ళు మండిపోయింది. పేపరు వాళ్ళకు ఇంతమాత్రం తెలియదా అనుకున్నాను. మర్నాడు ఆ ముక్క మడిచి తీసుకెళ్ళి, "టీచర్, పేపరోళ్ళు తప్పేసినారు చూడండి" అని ఎగిరెగిరి చెప్పాను. ఆమె పేపరు వంక చూసింది. చాలాసేపు చూసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "నా దగ్గరుండనీ మే" అని మడిచి పర్సులో పెట్టుకుంది. ఆ వారమంతా ఆకాశం ఊసెత్తలేదు. శనివారం పాఠం కూడా చెప్పలేదు.

తర్వాతి సోమవారం క్లాసులోకి వచ్చి హాజరు కూడా వేయకుండా నిలబడింది. "నిన్న కాలేజీ లైబ్రరీకి పోయి చూసినా. పేపరే నిజం. నా పుస్తకం రాసిన కాలంలో కొలిచినోళ్ళు పెద్ద బల్బును చిన్న బల్బనుకున్నారు. నేను మీకు తప్పు చెప్పినాను" అంది. అని, గడియారం తీసి బల్ల మీద పెట్టి, రెండు చెంపలూ టపటపా వేసుకుంది. టీచర్లు మమ్మల్ని కొట్టడం తెలుసు. టీచరు తనను తాను కొట్టుకోవడం ఏ బడిలోనైనా ఉంటుందా? మా ఇంట్లో తప్పు చేస్తే మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేయడమే గానీ చెంపలు వేసుకోవడం లేదు. అందుకేనేమో నేను ఇంకా ఎక్కువ హడలిపోయాను. పేపరు తెచ్చిన పాపం నాదే కదా అని వెక్కి వెక్కి ఏడ్చాను. చప్పుడు విని హెడ్మిస్ట్రెస్ వచ్చింది. సంగతి విని నెత్తి కొట్టుకుంది. "ఎవరడిగినారమ్మా నిన్ను? పరీక్షలో కూడా రాదే ఆ ప్రశ్న!"

అంతటితో ఊరుకుంటే ఆమె నాగరత్నమ్మ ఎందుకవుతుంది? అంతకుముందు రెండేళ్ళలో తన దగ్గర చదివి వెళ్ళిపోయిన పిల్లల పేర్లు రాసుకుని, ఆదివారాలు వాళ్ళ ఇళ్ళకు తిరిగి సరైన అంకె చెప్పడం మొదలుపెట్టింది. ఊళ్ళో నవ్వుకున్నారు. టీచరమ్మకు మతి చలించిందన్నారు. అవతల ఎవరైనా "అట్లనా టీచర్, కాఫీ తాగండి" అంటే తాగి వచ్చేసేది. పేపరు తెచ్చినదానివి నువ్వే గనుక సాక్ష్యం చెప్పమని ఒకసారి నన్ను కోసిగికి తీసుకెళ్ళింది. అక్కడ ఈరమ్మ అనే అమ్మాయి ఉంది. నాకంటే ఒక ఏడు పెద్దది. ఆదోని హాస్టల్లో ఉండి చదువుతూ, తొమ్మిదో తరగతి మధ్యలోనే మానేసింది. మేం పోయేసరికి సగం ఇళ్ళకు తాళాలు. వానలు లేక జనం గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతున్నారు. దాన్ని అక్కడ సుగ్గికి పోవడమంటారు. లారీ సిద్ధంగా ఉంది. చంకలో చెల్లెలు, నెత్తి మీద గిన్నెల మూటతో ఈరమ్మ ఎక్కబోతోంది.

"ఈరమ్మా, ఆండ్రోమెడా ఎంత దూరమని చెప్పినా నీకు?" అని అడిగింది టీచరు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. లారీ ఎక్కేవాళ్ళను అడిగే మాటేనా అది? ఈరమ్మ మాత్రం ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "తొమ్మిది లచ్చలు టీచర్. మా సెల్లికి గూడ నేర్పించినా." చంకలో పిల్ల కూడా "తొమ్మిది లచ్చలు" అంది. "అది తప్పు మే. ఇరవై అయిదు లక్షలు" అంది టీచరు. ఈరమ్మ నెత్తి మీద మూట దించేసింది. తన ముఖం అట్లా మారిపోతుందని నేను అనుకోలేదు. "ఏం మాట్లాడ్తాండావు టీచర్? బడిలోంచి నేను తెచ్చుకున్నది అదొక్కటే గదా! ఇంగ్లీషు రాకపాయె, లెక్కలు రాకపాయె, అదొక్కటి గట్టిగా పట్టుకున్యా. దాన్ని గూడ తప్పంటావా?" అని కేకేసింది. లారీలో వాళ్ళంతా తొంగి చూశారు. టీచరు ఆ దుమ్ములో నిలబడి మళ్ళీ చెంపలు వేసుకోబోయింది. ఈరమ్మే గబుక్కున వచ్చి ఆమె రెండు చేతులూ పట్టేసుకుంది. "వద్దు టీచర్, నీ కాళ్ళు మొక్కుతా. ఎంతన్నావు? మళ్ళా సెప్పు." టీచరు చెప్పింది. అక్కా చెల్లెళ్ళిద్దరూ మూడుసార్లు అప్పజెప్పారు. లారీ కదిలింది.

నేను ఈ చదువులోకి రావడానికి ఆ లారీయే కారణమని అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. తెలిసిన వెంటనే తప్పు ఒప్పుకున్న మనిషి దగ్గర చదివానని సభల్లో కూడా గొప్పగా చెప్పాను. మొన్న ఎమ్మిగనూరులో ఆమె ఇంటి వరండాలో కూర్చుని మళ్ళీ అదే అన్నాను. పక్కింట్లో మగ్గం ఆడుతోంది. టీచరు వేరుశనక్కాయలు ఒలుస్తోంది. వయసు మీదపడింది. నా గెలాక్సీ సంగతంతా చెప్పి, "మీకున్న ధైర్యం నాకు లేదు టీచర్. మీరు తెలిసిన మర్నాడే చెప్పేశారు" అన్నాను. ఆమె ఒలవడం ఆపింది.

"ఎవరు చెప్పినారు మే నీకు, మర్నాడని?"

నాకు అర్థం కాలేదు.

"నువ్వు పేపరు తెచ్చేదానికి రెండేండ్ల ముందే నాకు తెలుసు. కర్నూల్లో ట్రైనింగుకు పోతే ఒక లెక్చరర్ చెప్పినాడు, ఇరవై అయిదు లక్షలని. విని గమ్మున వచ్చేసినా. అన్నేండ్లు గట్టిగా చెప్పిన నోరు, ఎట్ల తిరుగుతాది? ఎవరికి తెలుస్తాదిలే అనుకున్యా. నిన్న లైబ్రరీలో చూసినా అని మీ ముందర అబద్ధం గూడ చెప్పినా. ఈరమ్మ ఆ రెండేండ్లలో నా క్లాసులో కూచున్న పిల్ల. తెలిసి తెలిసి ఆ పిల్ల నోట్లో తప్పు పెట్టినాను."

ఇరవై ఏళ్ళుగా నేను ఎవరి గురించి చెప్పుకుంటున్నాను? ఇంతమందికి ఏం చెప్పాను? కోపం కూడా వచ్చింది, అబద్ధమెందుకు. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. అన్ని పేర్లు వదిలేసి ఆ రెండేళ్ళ పిల్లల ఇళ్ళకే ఎందుకు తిరిగిందో నాకు అప్పుడు తెలిసింది. ఆమె నా ముఖంలోకి చూసి, "శివనే! నన్ను అట్ల చూడొద్దు మే" అంది. మళ్ళీ ఒక కాయ చేతిలోకి తీసుకుని, "నీకు తెలిసి ఎన్నాళ్ళాయె?" అంది.

"నాలుగు నెలలు."

"తప్పు ఒప్పుకోవచ్చు మార్తా. అందరూ మెచ్చుకుంటారు గూడ. నన్ను మెచ్చుకోలేదా నువ్వు? ఎప్పుడు తెలిసిందో చెప్పేదే కష్టం. నేను ఇంతవరకూ చెప్పలేదు. నువ్వు తేదీ వెయ్యి."

ఆదోని బస్సులో కూర్చుని, ఆ లెక్క అచ్చువేసిన పత్రికకూ, మా సంస్థకూ, ఈ పని చేసేవాళ్ళందరికీ ఫోనులోనే ఉత్తరం రాశాను. ధూళి రెండుసార్లు కలిపిన సంగతి, సరైన దూరం, నాకు తెలిసిన తేదీ. తేదీ దగ్గర వేలు ఆడలేదు. చెరిపాను, రాశాను, మళ్ళీ చెరిపాను. ఆదోని కోట దగ్గరికి వచ్చేసరికి పంపేశాను. మర్నాడే నా ఇంటర్వ్యూ వాయిదా వేశామని కబురొచ్చింది, ఎంతకాలమో చెప్పలేదు. పెద్దవాళ్ళు కొందరు నా నిజాయితీని మెచ్చుకుంటూ జవాబులు రాశారు. అవి చదువుతుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయింది.

మూడో రోజు, నేనెప్పుడూ చూడని ఒక పరిశోధక విద్యార్థిని దగ్గర నుంచి రెండు వాక్యాలొచ్చాయి. "మీ అంకె మీదే నా థీసిస్ కడుతున్నాను మేడమ్. మొదలుపెట్టి మూడు నెలలైంది."

తిట్టలేదు. మూడు నెలలని మాత్రం రాసింది, అంటే నాకు తప్పు తెలిసిన నెల తర్వాత మొదలుపెట్టింది. క్షమించమని జవాబు రాశాను, సరైన అంకె పంపాను, నా లెక్కలన్నీ పంపాను. ఆ మూడు నెలలు మాత్రం ఆ అమ్మాయికి ఎట్లా తిరిగివ్వాలో నాకు తెలియదు. టీచరుకు ఈరమ్మ ఉంది. నాకిప్పుడు ఈ అమ్మాయి ఉంది.