రోడ్డు మీది బంతి భోజనం

పోశం సారును ఊళ్లో అందరూ లండన్ సారు అని ఆటపట్టించేవారు. లండన్ మాట దేవుడెరుగు, ఆయన జగిత్యాల, సిరిసిల్ల దాటి ఉద్యోగం చేసిందే లేదు. కానీ సాయంత్రాలు చర్చిలో పెద్ద తరగతుల పిల్లలను కూర్చోబెట్టుకుని, నిజం కోసం విషం తాగిన గ్రీకు ముసలాయన గురించీ, చక్రవర్తి ఎదుట మాట మార్చని జర్మనీ సన్యాసి గురించీ చెబుతుంటే వాళ్లు పక్కవాడ మనుషులే అనిపించేది. పడమటి కథలనూ కవిత్వాన్నీ బైబిల్ పక్కన పెట్టి చదివించేవాడు. కూలోళ్ల పిల్లలకు ఇవెందుకని ఎవరైనా అంటే ఒంటికాలి మీద లేచేవాడు.

తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెతో బడులు మూతపడ్డాయి. సారుకు అదే పండగ, పొద్దంతా పాఠాలే. ఒకనాడు కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. ఊరంతా రోడ్డు మీదే వండుకుని, అక్కడే తిని నిరసన తెలపాలి. ఎన్నడూ గడప తొక్కనివ్వని ఇళ్ల ఆడవాళ్లే వచ్చి కూలి లచ్చవ్వను వంటకు పిలుచుకుపోయారు.

తరగతిలో ఆమె మనవరాలు స్వప్న లేచింది.

"సార్, మా బాపమ్మ వండుతుంది. అందరు ఒక్క బంతిల కూసుంటరట. నేను గూడ పోత సార్."

ఆనాటి పాఠం, దేవుని పోలికలో పుట్టిన మనుషులంతా సమానమన్న మాట యూరప్‌లో ఎలా వేళ్లూనుకుందన్నది. సారుకు ప్రాణమైన పాఠం. పైగా ధర్నాలకు మరిగితే పిల్లల చదువు అటకెక్కుతుందని భయం.

"ముంగట పాఠం కానియ్ బిడ్డా. బువ్వ ఏడికి పోతది?"

స్వప్న కూర్చుంది. కిటికీలోంచి పప్పు వాసన వస్తూనే ఉంది. సమానత్వం గురించి సారు ఎంతో బాగా చెప్పాడు. పాఠం ముగిసేసరికి రోడ్డు ఊడ్చేశారు. పక్కన మనవరాలి కోసం వేసిన ఖాళీ విస్తరి పెట్టుకుని, లచ్చవ్వ ఒక్కతే కూర్చుని ఉంది. ఆ మర్నాటి నుంచి స్వప్న పాఠానికి రాలేదు.

రాష్ట్రం వచ్చింది. స్వప్న పెళ్లై సిరిసిల్ల పోయింది. ఒక పటేలు ఇంట్లో పెళ్లి జరిగితే, సారన్న గౌరవానికి పోశంకు లోపల కుర్చీ వేశారు. లచ్చవ్వకు మాత్రం ఎప్పటిలాగే గేటు బయట విస్తరి వేశారు. అది చూసిన సారు కుర్చీలోంచి లేచాడు. తన విస్తరి పట్టుకొచ్చి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాడు.

లచ్చవ్వ కోపం లేకుండానే అడిగింది.

"నీ పాఠం తెల్లారైనా అయితుండె గద సారూ. గా బంతి మల్లెప్పుడైతది?"