వీపు మాత్రమే కనిపించే బొమ్మ

అది 2013 చలికాలం. స్టాన్‌మోర్ వెళ్ళే ట్యూబ్ అనే భూగర్భ రైల్లో కూర్చుని, మ్యూజియంలో కొన్న పోస్టుకార్డు చూసుకుంటున్నాను. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి చిత్రకారుడొకాయన పాస్టెల్ రంగులతో వేసిన బొమ్మ. రేకు తొట్టిలో ఒకామె స్నానం చేస్తూ, వంగి మెడ రుద్దుకుంటోంది. మనకు కనిపించేది వీపే.

పక్క సీటు పెద్దాయన అంతకుముందు నా ఫోను మాటలు విన్నట్టున్నాడు, తెలుగులోనే పలకరించాడు.

"ఏవండోయ్, ఈ వయసులో ఇలాంటి బొమ్మలా?"

ఇద్దరం నవ్వుకున్నాం. కార్డు ఆయన చేతికిచ్చాను. చాలాసేపు చూశాడు.

"మా ఆవిడకి స్ట్రోక్ వచ్చి కుడిచెయ్యి పడిపోయిందండి. ఒళ్ళు కడగడానికి ఊరి కౌన్సిల్ వాళ్ళు పంపిన కేరర్‌ని దగ్గరికి రానివ్వదు. పోనీ నేను స్నానం చేయిస్తానంటే ఏడుస్తుంది. నలభయ్యేళ్ళ కాపురం, నా దగ్గర సిగ్గేంటండి?"

కార్డు నావైపు తిప్పి, ఆయనే మళ్ళీ అడిగాడు.

"ఇది వేసినాయన ఎక్కడ నిలబడ్డాడంటారు?"

"వెనకాలే."

"ఆమెకి తెలియకుండానా?"

"తెలిసే ఉంటుందండి. ఈయన ఎదురుగా వెళ్ళలేదు, అంతే."

ఆయన కార్డు తిరిగి నా చేతిలో పెట్టాడు.

"నేను రోజూ స్నానాల గదిలో ఎదురుగానే నిలబడుతున్నానండి," అన్నాడు. "పడిపోతుందేమోనని ముఖంలోకే చూస్తూ."

చివరి స్టేషన్ వచ్చింది. కార్డు ఉంచుకోమన్నాను.

"వద్దండి. వెనక నిలబడి వీపు రుద్దడానికి బొమ్మెందుకు?" అని, తలుపులు పూర్తిగా తెరుచుకోకముందే దిగి ఇంటికి పరుగులాంటి నడకతో వెళ్ళిపోయాడు.