నిమ్మ ఉప్పు నీళ్ళలో కాగితం

నాయిన సిటీ బస్సు డ్రైవరుగా రిటైరయ్యాడు. కొన్నాళ్ళకు ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. మందులు వాడినా పూర్తిగా తగ్గదని డాక్టరు ముందే చెప్పింది. తార్నాకలో మా ఇంటి నుంచి రోజూ పొద్దున్నే యూనివర్సిటీలోకి నడకకు వెళ్ళే మనిషి, అది కూడా మానేశాడు. తోటివాళ్ళు ఏమీ అనలేదు. చెయ్యి చూసి, చూడనట్టు తల తిప్పుకునేవాళ్ళు. అదే ఆయనకు కష్టమనిపించింది. ఇంట్లో కూడా ఆ చేతిని లాల్చీ జేబులోనే ఉంచుకునేవాడు.

అప్పుడు నేను క్యాంపస్‌లో ఫొటోగ్రఫీ చదువుతున్నాను. ఎండలో నీలి రంగు ఫొటోలు అచ్చువేసే పాత పద్ధతి ఒకటి నేర్పారు. మందు పూసిన కాగితం మీద నెగెటివ్ పెట్టి, కాసేపు ఎండలో ఉంచి, నీళ్ళలో కడిగితే బొమ్మ తేలుతుంది. అమ్మ డాబా మీద బట్టలు ఆరేస్తూ వెనక్కి తిరిగి నవ్విన ఫొటో ఒకటి నా దగ్గర ఉంది. దాన్ని అలా అచ్చువేయాలని నా కోరిక.

కాగితం దగ్గరే చిక్కొచ్చింది. మామూలు డ్రాయింగ్ షీటు కడుగుతుంటే చేతిలోనే చిరిగిపోయింది. చేత్తో చేసిన కాగితం మందునంతా పీల్చేసుకుంది, అమ్మ ముఖమంతా మచ్చలు పడ్డాయి. చివరికి వాటర్‌కలర్ బొమ్మలు వేసే మందపాటి నూలు కాగితంలో నున్నటి రకం తెచ్చాను. అది నీళ్ళకు తట్టుకుంది గానీ నీలం నిలవలేదు, పాలిపోయింది. మా మేడమ్ చూసి, కాగితం పసుపెక్కకుండా తయారీలో సుద్ద కలుపుతారనీ, ఈ మందుకు సుద్ద పడదనీ చెప్పింది. ముందుగా నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టి, బుడగలు ఆగేదాకా ట్రేను మెల్లగా ఊపుతుండాలట.

ఆ ఆదివారం డాబా మీద ట్రే ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. నాయిన పక్కన కుర్చీలో కూర్చుని చూస్తున్నాడు. కాసేపటికి నా భుజాలు పట్టేశాయి. ట్రే కింద పెట్టబోతుంటే ఆయన జేబులోంచి చెయ్యి తీశాడు.

"గిటు తే బిడ్డా. ఊపుడే గదా. నా చెయ్యి ఎట్లయినా ఊకుంటలేదు."

నవ్వాలో వద్దో తెలియక ఆయన ముఖం చూశాను. ఆయనే నవ్వుతున్నాడు. ట్రే ఇచ్చాను. నీళ్ళు సన్నగా, ఆగకుండా కదిలాయి. కాగితం మీంచి సన్నటి బుడగలు పైకి వస్తుంటే అవేంటని అడిగాడు, సుద్ద పోతున్నదని చెప్పాను. చాలని నేనన్నా వినలేదు. ఇంకా వస్తున్నాయంటూ, చివరి బుడగ పోయేదాకా ట్రే వదల్లేదు. తర్వాత మంచినీళ్ళలో కడిగి, బట్టల తీగకు క్లిప్పులు పెట్టి ఆరేశాం.

కాగితం బాగా ఆరాక గదిలో కిటికీలు మూసి మందు పూశాను. ఎండ చూపించి తెచ్చి నీళ్ళలో వేసినప్పుడు కూడా ట్రే ఆయనే పట్టుకున్నాడు. పచ్చటి మందు కరిగిపోతుంటే అమ్మ నవ్వు మెల్లగా తేలింది. ఒక్క మచ్చ లేదు. అమ్మను పైకి పిలిచాను. ఆమె చూసి, గా పాత చీరల ఫొటో ఎందుకు తీసినవని నన్ను కోప్పడింది.

నాయిన నీళ్ళ మీంచి కళ్ళెత్తలేదు. "ఊకో. మంచిగున్నవ్," అన్నాడు.

ఆయన అమ్మతో ఆ మాట అనగా నేనెప్పుడూ వినలేదు. అమ్మ ఆయన పక్కన కూర్చుని, ట్రే రెండో అంచు పట్టుకుంది.

తర్వాత అడిక్‌మెట్‌లో ఉండే నా క్లాసువాళ్ళు కూడా తమ కాగితాలు తెచ్చి ఆయనకు ఇవ్వసాగారు. ఆరిన కాగితాలను అట్టల మధ్య పెట్టి క్యాంపస్‌కు తానే నడిచి తీసుకొచ్చేవాడు. ఒకరోజు దారిలో పాత నడక స్నేహితుడు ఆపి, ఏం చేస్తున్నావని అడిగితే, ఫొటోల పని నేర్చుకుంటున్నానని చెప్పాడట. ఆ సంగతి ఇంటికొచ్చి అమ్మకు రెండుసార్లు చెప్పాడు.