ఆట మాన్పించిన ఏడాది

నేను పదో తరగతిలోకి రాగానే మా నాన్న చేసిన మొదటి పని నా నడక మాన్పించడం. అప్పటిదాకా మా ఊరి నుంచి హనుమాన్ జంక్షన్ హైస్కూలుకు కాలవగట్టు మీద మూడు మైళ్ళు నడిచేదాన్ని. నడవడమేమిటి, సగం దూరం పరుగే. సాయంత్రం ఆఖరి పీరియడులో ఖోఖో. నన్ను ముట్టుకోవడం ఎవరి తరమూ కాదని గొప్పలు చెప్పుకునేదాన్ని. ఇప్పటికీ చెప్పుకుంటాను, ఎవరేమనుకుంటే నాకేం?

"నడిచి నడిచి ఒంట్లో సత్తువంతా దారిలోనే పోగొట్టుకుంటన్నావమ్మా. రేపట్నించి నేనే దింపుతాలే" అన్నాడు నాన్న.

పొద్దున్నే సైకిలు వెనక కూర్చోబెట్టుకుని లెక్కల మాస్టారింట్లో ప్రైవేటుకు దింపేవాడు. అక్కణ్ణుంచి బడి, బడి వదిలాక మళ్ళీ ప్రైవేటు. స్కూల్లోనూ మా తరగతికి ఆటల పీరియడు తీసేసి ఇంగ్లీషు గ్రామరు పెట్టారు. కిటికీ అవతల తొమ్మిదో తరగతి పిల్లలు ఖోఖో ఆడుతుంటే నాకు ఏడుపొచ్చేది.

మా ఇంట్లో అంతకుముందు పది పాసైన ఆడపిల్ల లేదు. పాసైతే విజయవాడ కాలేజీలో చేరుస్తానన్నాడు నాన్న. తప్పితే పెళ్ళి చేసెయ్యమంది నాయనమ్మ. ఆవిడతో పోట్లాడి నాకు ఆ ఒక్క ఏడాదీ సంపాదించిపెట్టింది ఆయనే. అందుకే ఆయన్ని ఏమీ అనలేకపోయేదాన్ని.

దసరా సెలవులు అయ్యేసరికి చదివింది బుర్రకెక్కడం మానేసింది. ఒకే పేజీ పదిసార్లు తిరగేసినా అందులో ఏముందో చెప్పలేను. రాత్రిళ్ళు నిద్రపట్టదు, పగలు కళ్ళు మూతలు పడతాయి. అమ్మ దిష్టి తీసింది. నాన్న టానిక్కు సీసా తెచ్చి, రోజూ రెండు గుడ్లు పెట్టమన్నాడు.

శివరాత్రి తిరునాళ్ళలో బండలాగుడు పందెం ఉండేది. దానికోసం నాన్న ఎడ్లకు దుక్కి పని మాన్పించి, ఉలవలు పెట్టి మేపుతూ, తెల్లారకముందే వాటిని పొలాల దాకా తిప్పుకొచ్చేవాడు. ఒక ఆదివారం అడిగేశాను.

"వాటినెందుకు తిప్పుతావు నాన్నా? సత్తువ పోదూ?"

"భలేదానివే! తిప్పకపోతే కాళ్ళు పట్టేస్తయ్యి. మేత కూడా ముట్టవు. ఊరికే కట్టేసిన ఎద్దు బండ లాగుద్దా?"

"మరి నేనో?"

నాన్న పగలబడి నవ్వాడు. "అయ్యి గొడ్లమ్మా, కాళ్ళతో లాగుతయ్యి. నువ్వు లాగాల్సింది బుర్రతో."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ వెనకే భయం వేసింది. తిట్టినా కొట్టినా ఎదురు చెప్పేదాన్నేమో. నా మంచి కోసమే చేస్తున్నానని అంత గట్టిగా నమ్మిన మనిషికి ఏం చెప్పి ఒప్పించను?

లెక్కల పరీక్షలో మొదటి లెక్క నేను ముందురోజు చేసిందే. ఎలా మొదలుపెట్టాలో గుర్తు రాలేదు. ఊరికే కూర్చుంటే బాగుండదని ప్రశ్ననే కాగితం మీద మూడుసార్లు రాశాను. గంట కొట్టేదాకా పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాను. గేటు దగ్గర నాన్న "బాగా రాశావా?" అనడిగితే తలూపాను.

ఫలితాలొచ్చిన రోజు పేపర్లో నా నంబరు లేదు. నాన్న మూడు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నాలుగో రోజు వసారాలో నా పక్కన కూర్చున్నాడు.

"తప్పు నీది కాదమ్మా. నాదే" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకు అర్థమైందనుకుని ఆయన మొహంలోకి చూశాను.

"తొమ్మిదిలోనే నీ ఆటలు మాన్పించాల్సింది. ఆ ఏడాదంతా గంతులేసి నీరసపడిపోయావు. సెప్టెంబరు పరీక్షకి మధ్యాహ్నం కూడా ప్రైవేటు మాట్లాడొచ్చాను."

సరేనన్నాను.