పెద్దబాపు పక్కన పెట్టిన కాగితాలు

మా నాన్నకు అన్న, మా పెద్దబాపు, గత సోమవారం ఉప్పుగూడలోని తన ఇంట్లో చనిపోయాడు. నేను వార్తల పని మీద జిల్లాల్లో ఉన్నాను. ఫోను అందుకుని మూడు బస్సులు మారి వచ్చేసరికి, శ్మశానం నుంచి తిరిగొచ్చిన వాళ్లు స్నానాలు చేస్తున్నారు. వయసు డెబ్బై ఆరని ఒకరు, డెబ్బై ఎనిమిదని ఒకరు చెప్పారు. తేల్చే కాగితం ఇంట్లో లేదు. పోయినవాళ్ల గురించి రాయడం ఈ మధ్య నాకు ఎక్కువైంది. ఇది కూడా రాయకపోతే ఆయన గురించి రాసేవాళ్లు ఇంకెవరూ లేరు.

ఉస్మాన్‌గంజ్‌లో ఆయనది రద్దీ దుకాణం, అంటే చిత్తుకాగితాలది. పాత పత్రికలు, పరీక్ష పేపర్లు, ఆఫీసు ఫైళ్లు గోనెసంచుల్లో వచ్చేవి. కిరాణా కొట్లవాళ్లు పొట్లాల కోసం కొనుక్కుపోయేవారు. ఆయన నేల మీద గోనెపట్టా పరుచుకుని, ఒక మోకాలు పైకి పెట్టి కూర్చుని, ప్రతి కాగితాన్నీ తిరగేసి చూసి కుప్పలు వేసేవాడు. దుమ్ముకు దగ్గు వచ్చేది. మూతికి రుమాలు కట్టుకోమంటే, కట్టుకుంటే పాన్ నమిలేదెట్ల అనేవాడు. అలసిపోయానని ఎప్పుడూ చెప్పలేదు. సాయంత్రం లేచేటప్పుడు మాత్రం గోడ పట్టుకుని కాసేపు అలాగే నిలబడేవాడు.

రెండు రకాల కాగితాలు ఆయన అమ్మేవాడు కాదు. దేవుడి బొమ్మలున్న పెళ్లికార్డులు, పంచాంగాలు ఒక సంచిలో వేసేవాడు. అరబ్బీ అక్షరాలున్నవి ఇంకో సంచిలో. నిజాం కాలంలో ఆయన చదువు ఉర్దూలోనే సాగింది. అందుకని ఉర్దూ పత్రికలకు ఈ మర్యాద ఉండేది కాదు, అవి పొట్లాలకే. రెండిటి అక్షరాలూ ఒకటే కదా, తేడా ఎలా తెలుస్తుందని అడిగితే ఒకసారి చెప్పాడు: "చదవొస్తది గని సమజ్ కాదు. గదే అరబ్బీ. పక్కకు వెట్టుడే."

పాతబస్తీలో అందరూ చేసే పనే అది. అరబ్బీ రాసిన ముక్క దారిలో కనిపిస్తే, ఖురాన్ వాక్యమేమో, కాలి కింద పడకూడదని తీసి, మసీదు గోడకు కట్టిన రేకుడబ్బాలో వేస్తారు. డబ్బాలు నిండాక ఎవరో ఒక పెద్దాయన సంచులకెత్తి, వాడకంలో లేని బావిలో వదులుతాడు. పెద్దబాపు కూడా తన సంచిని పత్తర్‌గట్టీ వెనక ఒక చిన్న మసీదులో ఇచ్చి వచ్చేవాడు. చార్మినార్ చుట్టుపక్కల డబ్బాల్లోవన్నీ అక్కడికే చేరేవి. ఆ మసీదు చూసుకునే ముసలాయనను ఈయన బడే మియా అనేవాడు. ఆయన ఈయనను సేట్ అనేవాడు.

నాకు తెలుగు పత్రికలో ఉద్యోగం వచ్చినప్పుడు పెద్దబాపు సంతోషించాడు. తెలుగు చదవడం ఆయనకు సరిగా రాదు. "నీ వార్తలు నా దగ్గరికే వస్తయ్ బిడ్డా, జర ఆలస్యంగ," అన్నాడు. "తూకంల మాత్రం ఏం తక్కువ లేవు."

అంతకు ముందు, డెబ్బైల మొదట్లో, నేను పూనాలో చదువుకున్నాను. ఇద్రీస్ అనే సూడాన్ విద్యార్థి నా క్లాసులో ఉండేవాడు. వాళ్ల ప్రభుత్వం డబ్బుతో చదువుతున్నాడు. హైదరాబాద్ చూడాలంటే ఒక ఎండాకాలం వెంటబెట్టుకొచ్చాను. మొదటి రాత్రి మా పెద్దమ్మ జొన్నరొట్టె పెడితే, తమ దేశంలోనూ జొన్నతోనే రొట్టె చేస్తారని చెప్పాడు. "గింత దూరం అచ్చి మళ్ల గదే తినవడ్తివా బిడ్డా," అని ఆమె ఇంకొకటి వేసింది.

మర్నాడు గురువారం. చార్మినార్ ఎక్కాం, మక్కా మసీదు చూశాం, మ్యూజియంలో రెండు గంటలు తిరిగాం. తిరుగు రిక్షాలో కూర్చున్నాక ఇద్రీస్ చొక్కా జేబులు తడుముకున్నాడు. పాస్‌పోర్టు లేదు. ఈ దేశంలో ఉండటానికి అతనికిచ్చిన అనుమతి సోమవారంతో ముగుస్తుంది. ఆ రోజు పూనా పోలీసు ఆఫీసులో పాస్‌పోర్టు చూపించి గడువు పెంచుకోవాలి. లేకపోతే ఢిల్లీలో వాళ్ల రాయబార కార్యాలయం చుట్టూ నెలల తరబడి తిరగాలి. అప్పటికి చదువు పోతుంది, వెనక్కి రమ్మంటారు. తిరిగిన దారంతా ఆ ఎండలో రెండుసార్లు నడిచాం. పోలీసులు పేరు రాసుకుని సోమవారం రమ్మన్నారు.

పెద్దబాపు సాయంత్రం వచ్చి, కాళ్లు కడుక్కుని, అంతా విన్నాడు. ఎక్కడ పోయిందని అడగలేదు.

"దేంట్ల వెట్టిండు?"

చెమటకు తడవకుండా, వాళ్ల ఇంటి నుంచి వచ్చిన పత్రికలో చుట్టి, దారం కట్టాడని చెప్పాను.

"ఆ పత్రిక ఏ అక్షరాలు?"

అరబ్బీ అన్నాను. ఆయన చెంబు కింద పెట్టాడు.

"గట్లయితే దొంగతనం కాలే. ఎవరో మొక్కి డబ్బాల ఏసిండ్రు. రేపు జుమ్మా. నమాజ్ అయినంక బావిల ఇడుస్తరు. పొద్దుగాల్నే పోవాలె."

శుక్రవారం ఆయన దుకాణం తెరవలేదు. మేం ఆ చిన్న మసీదుకు వెళ్లేసరికి ఏడు సంచులు మూతులు కుట్టి గోడవారన ఉన్నాయి. బడే మియా ఒప్పుకోలేదు. కుట్టిన సంచులు విప్పితే కాగితాలు నేలపాలవుతాయన్నాడు. పెద్దబాపు ఉర్దూలో నిదానంగా చెప్పాడు: వీటిలో ఒకటి నా చేతులతో నింపింది, అన్నీ మళ్లీ నా చేతులతోనే కుడతాను. ముసలాయన కాసేపు ఇద్రీస్ ముఖం చూసి, లోపలి నుంచి ఉతికిన దుప్పటి తెచ్చి పరిచాడు. అందరం చేతులు కడుక్కుని కూర్చున్నాం.

పెద్దబాపు ఒక్కొక్క కాగితం తీస్తున్నాడు. అరబ్బీ అర్థమయ్యేది మాలో ఇద్రీస్ ఒక్కడికే. రెండో సంచిలో రంగుల కాగితం ఒకటి వస్తే, ఇది ఖురాన్‌లో ఏ సూరా అని బడే మియా అడిగాడు. ఇద్రీస్ చదివి, తల దించుకుని నాకు ఇంగ్లీషులో చెప్పాడు. నేను చెప్పక తప్పలేదు. అది ఖర్జూరం డబ్బా మీది కాగితం, ఎండ తగలకుండా ఉంచమని రాసి ఉంది. తర్వాతది తలనూనె సీసాది. ఆ తర్వాతది ఓడ సరుకు రసీదు.

ఎవరూ నవ్వలేదు. బడే మియా ఎన్నేళ్ల నుంచి ఆ సంచులు మోస్తున్నాడో నాకు తెలియదు. ఇద్రీస్ ఇక చదవనన్నాడు.

"రహనే దో బేటా," అన్నాడు ముసలాయన. "హరఫ్ హరఫ్ ఇచ్ హై."

ఉండనీ, అక్షరం అక్షరమే అని. పెద్దబాపు ఖర్జూరం కాగితం అంచు దులిపి, మిగతావాటి మీదే పెట్టాడు.

అయిదో సంచిలో ఆయన చెయ్యి ఆగింది. "గిది కాగితం బరువు కాదు," అంటూ కట్ట తీసి ఇద్రీస్ చేతికిచ్చాడు. ఇద్రీస్ దారం తెంపి పాస్‌పోర్టు చూసుకున్నాడు. తర్వాత ఆ పత్రికను మడతల మీదే మడిచి, తనే సంచిలో వేశాడు.

పెద్దబాపు దబ్బనంతో ఏడు మూతులూ కుట్టేసరికి అజాన్ అయింది. నమాజ్ ముగిశాక బడే మియాను కూర్చోమని తాడు పెద్దబాపే పట్టుకున్నాడు. సంచి నీళ్ల మీద చప్పుడుతో పడకూడదని జానెడు జానెడు వదిలాడు. నాలుగో సంచికి ఆయన భుజాలు దిగిపోయాయి. ఇద్రీస్ ఏమీ అడగకుండా వెనక నిలబడి తాడు చివర పట్టుకున్నాడు. ఖర్జూరం కాగితం ఏ సంచిలో ఉందో అప్పటికి ఎవరికీ తెలియదు. అన్నింటినీ ఒకే నెమ్మదితో దించారు. బావి గట్టు మీద తాడు తడిసి ఒరుసుకుంటున్న చప్పుడు తప్ప, నీళ్ల చప్పుడు ఒక్కసారీ వినపడలేదు.