రమామణి చేతికి తెలిసింది

రమామణి సినిమా వాళ్ళకి జడలు వేసేది. మద్రాసులో పన్నెండేళ్ళు వేసింది. పరిశ్రమ ఇటు తరలి వస్తున్నప్పుడు తనూ ఒక ట్రంకు పెట్టె, రెండు సంచుల సవరాలు పట్టుకుని హైదరాబాదు రైలెక్కింది. కృష్ణానగర్‌లో నీలమ్మ అనే ఆవిడ ఇంట్లో వెనక గది అద్దెకి తీసుకుని, ఫిల్మ్ నగర్ సెట్లలో, జూబ్లీ హిల్స్ బంగళాల్లో ఇంకో పదమూడేళ్ళు అదే పని చేసింది.

తలలో వేళ్ళు పెట్టగానే ఆమెకి కొన్ని సంగతులు తెలిసేవి. ఈవిడకి రాత్రి నిద్ర లేదు, ఈ పిల్ల ఏడ్చి వచ్చింది అన్నంత వరకూ అయితే కళ్ళున్న వాళ్ళెవరైనా పట్టేస్తారు. ఆమెది అక్కడితో ఆగేది కాదు. ఒకసారి అత్త వేషాలు వేసే ఓ పెద్దావిడకి కొప్పు చుడుతూ, "మీ తమ్ముడికి ఒంట్లో ఎలా ఉందండీ?" అని అడిగింది. ఆవిడకి తమ్ముడు ఉన్నాడన్న సంగతే రమామణికి తెలీదు. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో కూడా తెలీదు. సాయంత్రానికి రాజోలు నుంచి టెలిగ్రాం వచ్చింది.

అమ్మమ్మ జ్ఞానప్రసూనాంబకీ ఇలాగే ఉండేదిట. ఆవిడ తెనాలి చుట్టుపక్కల బాలింతలకీ పసిపిల్లలకీ తలంట్లు పోసేది. మాడు మీద ఆముదం పెట్టి అరచెయ్యి కాసేపు అక్కడే ఉంచేసేది. "ప్రాణం వచ్చేదీ పోయేదీ ఇక్కణ్ణించే. చెయ్యి పెట్టి ఊరికే ఉండు. చెప్పేదుంటే అదే చెబుతుంది" అనేది. చిన్నప్పుడు రమామణి ఆ మాటలకి నవ్వేది.

నవ్వడం మానేసింది మద్రాసులో. భర్త సుబ్బరామయ్య లైట్‌మన్. ఎనభై రెండులో ఒక పొద్దున్న అతని తలకి నూనె రాస్తుంటే మాడు దగ్గర చెయ్యి ఒక్కసారిగా జిల్లుమంది. తడి ఇసుకలో పెట్టినట్టుంది. నూనె గడ్డకట్టిందేమో అనుకుంది. నిజానికి అలా అనుకోలేదు, అనుకోవాలని చూసింది. పనికి వెళ్ళొద్దని చెబితే ఎందుకని అడుగుతాడు, ఏం చెప్పాలి? టిఫిన్ డబ్బా చేతికిచ్చి పంపింది. మధ్యాహ్నం అతను పరంజా మీంచి పడి చనిపోయాడు. ఆ చలి సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఎనభై ఎనిమిది ఫిబ్రవరిలో ఫిల్మ్ నగర్ వెనక బండల్లో ఒక సినిమా షూటింగ్ జరుగుతోంది. ఇప్పుడైతే అక్కడ మేడలు లేచాయి గానీ అప్పుడు అన్నీ బండలూ ముళ్ళ పొదలూ. హీరోయిన్ లీలాకుమారి. కథలో ఆమెని బండ మీద బంధిస్తారు, ఆమె తాడు పట్టుకుని కిందికి జారి తప్పించుకోవాలి. డూప్ వద్దు, నేనే చేస్తానని లీలాకుమారి రెండు రోజులుగా పట్టుబట్టి కూర్చుంది. మొహం కనబడేలా తీస్తే తనకి పేరొస్తుందని ఆమె ఆశ.

పొద్దున్న ఎనిమిదింటికి గొడుగు కింద కుర్చీ వేసి రమామణి ఆమెకి జడ మొదలుపెట్టింది. పాపిడి తీసి, మాడు మీద జుట్టు సర్దబోతే చెయ్యి ఆగిపోయింది. అదే చలి. ఆరేళ్ళయినా మర్చిపోయే చలి కాదది.

"ఏమైంది రమగారూ?" అంది లీలాకుమారి, చేతి అద్దంలోంచి చూస్తూ.

ఈసారి రమామణి నోరు కట్టేసుకోలేదు. "అమ్మా, నేనొక మాట చెబితే ఎందుకని అడక్కండి. ఈ రోజు ఆ తాడు ముట్టుకోవద్దు."

లీలాకుమారి నవ్వబోయి, అద్దంలో ఆమె మొహం చూసి మానేసింది. ప్రొడక్షన్ మేనేజర్ పట్టాభిరామయ్యని పిలిపించింది. కళ్ళు తిరుగుతున్నాయి, డూప్‌తో కానివ్వండి అని చెప్పింది. పట్టాభిరామయ్య అటూ ఇటూ పరుగులు పెట్టి గంటలో యాదమ్మని పట్టుకొచ్చాడు.

యాదమ్మ ఎవరో కాదు. రమామణి ఉంటున్న ఇంటి నీలమ్మ కూతురే. ఇరవై రెండేళ్ళది, సన్నగా లీలాకుమారి ఒడ్డూ పొడుగూ ఉంటుంది. చెరువులో దూకమన్నా, మోటార్ సైకిల్ వెనక నుంచి పడమన్నా సరేనంటుంది. ఫైటర్ల గుంపులో ఒక్కతే ఆడపిల్ల. హీరోయిన్ చీర లాంటి చీరే కట్టించి, ఆమెని గొడుగు కింద అదే కుర్చీలో కూర్చోబెట్టారు. విగ్గు పెట్టింది రమామణే. పైనుంచి డైరెక్టరు మైకులో తొందర పెడుతున్నాడు. రమామణి గబగబా పిన్నులు గుచ్చి పంపించేసింది.

తాడు బండ అంచుకి ఒరుసుకుని తెగిపోయింది. యాదమ్మ రెండు నిలువుల ఎత్తు నుంచి కింద రాళ్ళ మీద పడింది. తొడ ఎముక రెండు చోట్ల విరిగింది.

యూనిట్ జీపులో ఆమెని నర్సింగ్ హోముకి తీసుకెళ్ళారు. జీపు కనుమరుగయ్యాక లీలాకుమారి వచ్చి రమామణి రెండు చేతులూ పట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళకి సంగతంతా చెప్పేసింది. కెమెరా అసిస్టెంట్లు, కాస్ట్యూమర్లు, భోజనాలు వడ్డించేవాళ్ళు, అందరూ రమామణి కేసి దేవుడి పటం చూసినట్టు చూశారు. ఆమె మాత్రం బండకి ఆనుకుని కూర్చుండిపోయింది.

ఆ వారం నుంచి కృష్ణానగర్ సందులోకి కార్లు రావడం మొదలైంది. ఆ సందులో రెండు స్కూటర్లు ఎదురుపడితేనే ఒకటి ఆగాలి. ఒక నిర్మాత మూడు కథలు పట్టుకొచ్చి, ఏది ఆడుతుందో తల మీద చెయ్యి పెట్టి చెప్పమన్నాడు. "నాకు కథలు తెలీవండీ, జుట్టు తెలుసు" అంది రమామణి. తను తెచ్చిన పట్టుచీర సరిపోలేదేమో అనుకుని ఆయన మర్నాడు వెండి కుంకుమభరిణ కూడా తెచ్చాడు. రెండూ తిప్పి పంపింది. పైకి రావాలనుకునే ఒకమ్మాయిని తల్లి తీసుకొచ్చి గుమ్మంలో కూర్చోబెట్టి, హీరోయిన్ అవుతుందో లేదో చెప్పేదాకా కదలనంది. ఇదంతా నీలమ్మ చూస్తూనే ఉంది. కూతురు ఆసుపత్రిలో ఉంటే తన ఇంటి వెనక గదికి జనం వరస కడుతున్నారు. ఆమె రమామణితో మాట్లాడటం మానేసింది.

నాలుగో రోజున రమామణి నర్సింగ్ హోముకి వెళ్ళింది. యాదమ్మ కాలికి బరువులు కట్టి పైకి వేలాడదీశారు. ఆమె పైన ఫ్యాను చూస్తూ అడిగింది.

"నీకు ఎరికైంది గద అక్కా. ఆమెకు చెప్పినవ్. నాకెందుకు చెప్పలే?"

రమామణి నాలుగు రోజులుగా ఆ ప్రశ్ననే మోస్తోంది. "ఆమె దిగిపోతే గండం తప్పిందనుకున్నాను. ఆ తాడు ఇంకొకళ్ళు పట్టుకుంటారని తట్టలేదమ్మా" అంది. చెప్పాక తనకే ఆ మాట నచ్చలేదు. "అబద్ధం. తట్టకపోవడమేంటి, నీకు విగ్గు పెట్టింది నేనే. పిన్నులు గుచ్చేటప్పుడు కూడా చేతికి చల్లగానే తగిలింది. విగ్గు నీ చెమటకి తడిసుంటుందిలే అనుకున్నాను."

"అంటే ఆ సలి ఆమెదా, నాదా?"

"తెలీదు."

యాదమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది. "ఇగ పో అక్కా" అంది.

ఆ సాయంత్రం రమామణి లీలాకుమారి ఇంటికి వెళ్ళి, ఆమె కృతజ్ఞతగా పంపిన పట్టుచీర బల్ల మీద పెట్టింది. "నాకివ్వొద్దమ్మా. ఒక్కసారొచ్చి ఆ పిల్లని చూడండి" అంది. లీలాకుమారి మంచి మనిషే. ఎవరూ చెప్పకపోతే తోచదు, అంతే. మర్నాడే వచ్చింది. మంచం పక్కన నిలబడి, తను కట్టుకున్న చీరలాంటి చీరే కట్టుకుని పడిన పిల్లని చూసింది. బయటికొచ్చి వరండాలో ఏడ్చింది. ఆసుపత్రి ఖర్చంతా కంపెనీయే భరించేలా ఆ సినిమా నిర్మాతతో గట్టిగా మాట్లాడింది ఆమే.

కృష్ణానగర్‌లో ఆంజనేయస్వామి గుడి అరుగు మీద సుబ్రహ్మణ్యం గారని ఒక రిటైరైన సంస్కృతం మేష్టారు సాయంత్రాలు గీత చెప్పేవారు. రమామణి ఒకరోజు అందరూ లేచి వెళ్ళేదాకా ఆగి, మద్రాసు సంగతి నుంచి మొత్తం ఆయనకి చెప్పింది. ఆరేళ్ళలో సుబ్బరామయ్య మాట బయటికి రావడం అదే మొదటిసారి.

ఆయన ఆశ్చర్యపోలేదు. "ఇలాంటివి కొందరికి ఉంటాయని శాస్త్రం ఒప్పుకుంటుందమ్మా. అయితే వాటిని చూసి మురిసిపోవద్దంటుంది, భయపడొద్దనీ అంటుంది. దారిలో కనబడే చెట్టో పుట్టో అనుకుని నడవమంటుంది" అన్నారు.

"మరి తెలిశాక ఏం చెయ్యాలండీ?"

"అది శాస్త్రంలో లేదు. అది నువ్వే చూసుకోవాలి." ఆయన పుస్తకం మూసి కళ్ళజోడు తుడుచుకున్నారు. "తెలిసింది ఎవరి గురించో తెలీనప్పుడు అందరి గురించీ అనుకోవడమే మంచిదేమో. నాకూ సరిగ్గా తెలీదు."

రమామణి రోజూ పనయ్యాక నర్సింగ్ హోముకి వెళ్ళడం మొదలుపెట్టింది. యాదమ్మ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. పడుకునే ఉండటంతో ఆమె జుట్టు ఉండలు కట్టి చాపలా అయిపోయింది. రమామణి కొబ్బరినూనె రాసి, పాయపాయగా విడదీసి చిక్కు తీసేది. ఆ చిక్కు విడటానికి వారం పట్టింది. ఎనిమిదో రోజున యాదమ్మ కళ్ళు మూసుకునే అడిగింది.

"నా తలల ఏమన్న ఎరికైతుందా?"

"అవుతోంది. పేలున్నాయి."

యాదమ్మ నవ్వాపుకోలేకపోయింది. నవ్వితే కాలు కదిలి నొప్పి పుట్టింది, ఆ నొప్పికి తిట్టింది, మళ్ళీ నవ్వింది. మంచం పక్కన కింద కూర్చుని అన్నం డబ్బా సర్దుతున్న నీలమ్మ లేచి నిలబడి ఇద్దరినీ చూసి, "జర తిని పో" అని రమామణి చేతిలో రొట్టె పెట్టింది. ఆమె మాట్లాడి అప్పటికి ఇరవై రోజులైంది.

మరుసటి ఏడు జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళా మేడ మీద షూటింగ్ జరుగుతోంది. హీరో చెల్లెలి వేషం వేస్తున్న అమ్మాయికి జడ వేస్తుంటే చెయ్యి జిల్లుమంది. రమామణి ఆ అమ్మాయితో ఒక్క మాట కూడా అనలేదు. తిన్నగా పట్టాభిరామయ్య దగ్గరికి వెళ్ళింది. ఈ సినిమాకీ ఆయనే మేనేజరు.

"షాట్ ఆపండి. పిట్టగోడ, నిచ్చెనలు, లైట్ల తీగలు, అన్నీ ఒకసారి చూపించండి. కింద పరుపులు వేయించండి."

"ఎవరికి గండం అమ్మా?" అన్నాడాయన, గొంతు తగ్గించి.

"ఎవరికో తెలీదు. అందుకే అన్నీ చూడమంటున్నాను."

పట్టాభిరామయ్యకి యాదమ్మ పడటం ఇంకా కళ్ళల్లో ఉంది. డైరెక్టరు చిందులు తొక్కుతున్నా గంటన్నర పని ఆపించి అంతా చూపించాడు. ఎక్కడా ఏ లోపమూ కనబడలేదు. షాట్ తీశారు, ఎవరికీ ఏమీ కాలేదు. సాయంత్రానికల్లా యూనిట్లో అందరూ నవ్వుకున్నారు. రమామణి చెయ్యి పని చెయ్యడం మానేసిందన్నారు. పరుపుల వల్ల తప్పిందా, అసలు జరిగేదే లేదా అన్నది ఆమెకీ తెలీలేదు. కానీ ఆ రాత్రి చాన్నాళ్ళ తర్వాత హాయిగా నిద్రపోయింది.

తర్వాత చలి తగిలినా తగలకపోయినా, ఎత్తు మీద షాటుందంటే ఆమె వెళ్ళి పరుపులడిగేది. తాడుకి తోడు ఇంకో తాడడిగేది. ఫైటర్లు ఆమెకి పరుపుల రమామణి అని పేరు పెట్టారు. వెక్కిరింతగా మొదలైన పేరే, అయినా వాళ్ళ పెళ్ళాలు పండక్కి ఆమెకి పిండివంటలు పంపేవాళ్ళు. కార్లు రావడం ఆగిపోయింది. నాలుగైదేళ్ళు పోయాక ఎత్తు షాటు అనగానే ఆమె అడిగేలోపే పరుపులు దింపించడం పట్టాభిరామయ్యకి అలవాటైంది.

యాదమ్మ నడిచింది గానీ కుంటు మిగిలిపోయింది. డూప్ పని పోయింది. రమామణి ఆమెకి దువ్వెన పట్టించింది. మొదట్లో యాదమ్మ దూకడానికి ఉపయోగించిన బలమంతా జడ బిగించడంలో చూపించి ఇద్దరు ముగ్గురు నటీమణుల చేత అరిపించింది. తర్వాత చెయ్యి తేలికపడింది. యూనియన్ వాళ్ళు కార్డు ఇవ్వడానికి రెండేళ్ళు తిప్పారు. రమామణి ఆఫీసు మెట్లెక్కి దిగి, చివరికి తొంభై మూడులో కార్డు ఇప్పించింది. టీవీ సీరియళ్ళు ఊపందుకున్న రోజులవి, యాదమ్మకి తీరిక లేకుండా పనుండేది.

తొంభై ఆరులో మోకాళ్ళు నిలబడనివ్వక రమామణి పని మానేసింది. అప్పటికే రెండు మూడేళ్ళుగా చెయ్యి ఏమీ చెప్పడం లేదు. అది ఎప్పుడు పోయిందో ఆమె గమనించుకోలేదు కూడా. వెనక గదిలోంచి నీలమ్మ వాళ్ళతో పాటు ముందింట్లోకి మారింది. ముగ్గురూ ఒకే పొయ్యి మీద వండుకునేవాళ్ళు. పప్పులో పులుపు ఎంతన్న దాని మీద తప్ప పెద్దగా గొడవలుండేవి కావు.

ఎప్పుడో ఒకసారి ఎవరో పాత కథ విని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. యాదమ్మ గుమ్మంలోనే, "గామె గిప్పుడు చెప్తలేదు, పోండి" అనేది. ఒక ఆదివారం యాదమ్మ ఇంట్లో లేనప్పుడు ఏలూరు నుంచి ఒక తల్లి, పదిహేడేళ్ళ కూతురూ వచ్చారు. మర్నాడు మేకప్ టెస్టుట. పిల్ల తలకి ఏదో స్ప్రే కొట్టించుకుని వచ్చింది, జుట్టంతా పీచులా నిలబడి ఉంది.

"ఏమన్నా తెలుస్తోందాండీ?" అంది తల్లి ఆత్రంగా, రమామణి చెయ్యి పిల్ల తల మీద పడగానే.

"ఏం తెలీడం లేదమ్మా" అంది రమామణి. పిల్లని కింద పీట మీద కూర్చోబెట్టుకుంది. కుంకుడు రసంతో తల రుద్ది, ఎండలో ఆరబెట్టి, పాపిడి తీసి రెండు జడలు అల్లింది. పిల్ల మొహం విప్పారింది. తల్లి ఇంకా ఏదో చెబుతుందేమోనని నిలబడే ఉంది. రమామణి లోపలికెళ్ళి ఇద్దరికీ మజ్జిగ తెచ్చి, ఎండ తగ్గాక బయల్దేరండి అని చెప్పి, పీట ఎత్తి గోడకి చేరేసింది.